ఇంటర్నెట్ సదుపాయం గల ప్రారంభ స్థాయి హెచ్‌డీ టీవీ: విశాఖ వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రారంభ స్థాయి హెచ్‌డీ స్మార్ట్ టీవీ అంటే ఏమిటి? అందులో కనీసం ఏమేమి ఉండాలి?

డాబాగార్డెన్స్ నుంచి గాజువాక వరకు ఏ దుకాణంలో అడిగినా ఈ పేరుతో ముందుగా చూపించేది 32 అంగుళాల టీవీనే. ఆ కొలత తెరకు ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న దూరం. సెంటీమీటర్లలో అది సుమారు 80 కాబట్టి డబ్బా మీద 80 సెం.మీ. అని రాస్తారు. తెర వెడల్పు 71 సెంటీమీటర్లకు, ఎత్తు 40 సెంటీమీటర్లకు కొంచెం అటూఇటుగా ఉంటుంది. వెనుక ఎల్ఈడీ దీపాలు, ముందు ఎల్‌సీడీ పలక, వైఫై, యాప్‌లు నడిపే చిన్న ప్రాసెసర్, బొమ్మనూ శబ్దాన్నీ ఒకే తీగ మీద అందుకునే రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు, ఒకటి రెండు యూఎస్‌బీ పోర్టులు, రెండు స్పీకర్లు ఉంటే ఈ తరగతికి కావలసినవన్నీ ఉన్నట్టే.

ఒక విషయం మొదటే తెలుసుకుంటే తరువాతి ప్రశ్నలు సులువవుతాయి. ఈ టీవీలో నిజానికి రెండు వస్తువులు ఉన్నాయి: బొమ్మను చూపే తెర ఒకటి, యాప్‌లను నడిపే చిన్న కంప్యూటర్ ఇంకొకటి. తెర సరిగా చూసుకుంటే చాలా ఏళ్లు పనిచేస్తుంది. లోపలి కంప్యూటర్ అంతకంటే ముందే ముసలిదవుతుంది. అందువల్ల తెరనూ పోర్టులనూ జాగ్రత్తగా చూసి కొనడం, యాప్‌ల భాగాన్ని అవసరమైతే తరువాత మార్చుకోగలిగినదిగా లెక్కించడం తెలివైన పని.

హెచ్‌డీ రెడీ చాలునా, ఫుల్ హెచ్‌డీ తీసుకోవాలా?

ఇది మీరు ఎంత దూరం నుంచి చూస్తారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. హెచ్‌డీ రెడీ తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ తెరలో అవి 1920, 1080. సాధారణ చూపు గల కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటే చిన్న కోణంలో ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించలేదు. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ తెర మీద ఒక్కో చుక్క సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది కనుక, దాదాపు ఆరు అడుగుల దూరం దాటాక ఆ చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అదే కొలత గల ఫుల్ హెచ్‌డీ తెర అయితే నాలుగు అడుగుల దగ్గరే కలిసిపోతాయి.

దీని అర్థం, సోఫాకూ టీవీకీ మధ్య ఏడెనిమిది అడుగులు ఉన్న హాలులో 32 అంగుళాల హెచ్‌డీ రెడీకి, ఫుల్ హెచ్‌డీకి మధ్య తేడా కనిపెట్టడం చాలామందికి సాధ్యం కాదు. మంచం మీద పడుకుని అయిదడుగుల దూరం నుంచి చూసే పడకగదిలోనూ, టీవీకి కంప్యూటర్ తగిలించి అక్షరాలు చదివే పనికీ ఫుల్ హెచ్‌డీ అవసరమే. ఇక 40 లేదా 43 అంగుళాలకు వెళితే హెచ్‌డీ రెడీని తీసుకోవద్దని గట్టిగా చెప్పవచ్చు. అంత పెద్ద తెర మీద అవే చుక్కలు సాగదీసినట్టు ఉంటాయి కాబట్టి ఏడు అడుగుల దూరం నుంచి కూడా గరుకుగా కనిపిస్తాయి.

పన్ను విషయంలో ఒక పాత తేడా ఇప్పుడు లేదు. 32 అంగుళాల వరకు ఉన్న టీవీల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 18 శాతం కాగా, అంతకంటే పెద్దవాటి మీద 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలకూ 18 శాతమే వర్తిస్తోంది. కాబట్టి పన్ను భయంతో చిన్నదానికి సరిపెట్టుకోనవసరం లేదు. గది కొలతను బట్టే నిర్ణయించుకోవచ్చు.

డబ్బా మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉంది. దానికి విలువ ఉందా?

ఈ తరగతి టీవీలలో దాదాపుగా లేదు. హెచ్‌డీఆర్ అంటే వెలుగుకూ నలుపుకూ మధ్య తేడాను ఎక్కువగా చూపే పద్ధతి. హెచ్‌డీఆర్ సంకేతాన్ని అందుకోగలదని చెప్పడం వేరు, ఆ సంకేతం కోరినంత వెలుగునూ అంత చిక్కటి నలుపునూ తెర మీద చూపగలగడం వేరు. చవక తెరల వెలుగు అందుకు సరిపోదు. ఆ మాట కోసం అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. దానికి బదులు దుకాణంలో టీవీ ఎదురుగా నిలబడి చూశాక, పక్కకు జరిగి ఏటవాలుగానూ చూడండి. రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తే, ఇంట్లో పక్క కుర్చీలో కూర్చునేవారికి రోజూ అలాగే కనిపిస్తుంది.

ర్యామ్ 1 జీబీ, స్టోరేజీ 8 జీబీ అంటున్నారు. సరిపోతుందా?

సరిపెట్టుకోవచ్చు, కానీ హాయిగా ఉండదు. ర్యామ్ అంటే నడుస్తున్న యాప్‌లు వాడుకునే చోటు, స్టోరేజీ అంటే యాప్‌లను దాచే చోటు. స్టోరేజీ 8 జీబీ అని రాసినా అందులో సగానికి పైగా ఆపరేటింగ్ సిస్టమే ఆక్రమిస్తుంది. మిగిలిన చోటులో నాలుగైదు పెద్ద యాప్‌లు, వాటి తాత్కాలిక ఫైళ్లు చేరేసరికి నిండిపోయిందన్న హెచ్చరిక మొదలవుతుంది. 1 జీబీ ర్యామ్ ఉన్న టీవీలో యూట్యూబ్ నుంచి బయటికి వచ్చి ఇంకో యాప్ తెరిస్తే మొదటిది మూసుకుపోతుంది, తిరిగి వెళితే అది మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. రిమోట్ బటన్ నొక్కాక రెండు మూడు సెకన్లు ఆగవలసి రావడానికి కారణం సాధారణంగా ఇదే, రిమోట్ బ్యాటరీ కాదు.

ధరలో వెయ్యి, పదిహేను వందల రూపాయల తేడాతో 1.5 లేదా 2 జీబీ ర్యామ్ దొరికితే తప్పక దానినే ఎంచుకోవాలి. హెచ్‌డీఆర్, డాల్బీ వంటి మాటల మీద పెట్టే డబ్బు కంటే ఇది ఎక్కువ కాలం అక్కరకు వస్తుంది. ఇప్పటికే 1 జీబీ టీవీ ఇంట్లో ఉంటే, వాడని యాప్‌లను తీసేయడం, వారానికి ఒకసారి ప్లగ్ తీసి నిమిషం తరువాత పెట్టడం వల్ల కొంత ఊరట కలుగుతుంది.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిది?

శాంసంగ్ టీవీలలో టైజెన్, ఎల్‌జీ టీవీలలో వెబ్ఓఎస్ ఉంటాయి. చాలా ఇతర కంపెనీలు గూగుల్ టీవీని గానీ ఆండ్రాయిడ్ టీవీని గానీ వాడతాయి. కొన్నింటిలో అమెజాన్ వారి ఫైర్ టీవీ ఉంటుంది. మరీ చవక టీవీలలో లినక్స్ మీద కట్టిన పేరులేని సిస్టమ్‌లు ఉంటాయి. తెలుగు ప్రేక్షకుడు ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ వంటి మనకు కావలసిన యాప్‌లు దీనిలో దొరుకుతాయా? దుకాణదారు నోటి మాట మీద ఆధారపడకుండా, ఆయన ఫోన్ హాట్‌స్పాట్‌కు టీవీని కలిపించి యాప్ స్టోర్‌లో ఆ పేర్లు వెతికించి చూడండి.

రెండో జాగ్రత్త కాపీ రక్షణకు సంబంధించినది. ఆండ్రాయిడ్ ఆధారిత టీవీలలో వైడ్‌వైన్ అనే రక్షణ వ్యవస్థ ఉంటుంది. అందులో ఎల్1 స్థాయి ఉంటేనే నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు హెచ్‌డీ బొమ్మను పంపుతాయి. ఎల్3 స్థాయి ఉన్న టీవీకి పాత డీవీడీ నాణ్యతే అందుతుంది. పేరులేని కొన్ని టీవీలలో ఫోన్‌కు ఉద్దేశించిన యాప్‌ను తెచ్చి ఎక్కిస్తారు. మెనూ కనిపిస్తుంది, సినిమా ఆడుతుంది, కానీ బొమ్మ మసకగా ఉంటుంది, రిమోట్‌తో కొన్ని బటన్లు నొక్కడానికే వీలుండదు. కొన్నవారు తెరను తిట్టుకుంటారు గానీ లోపం తెరలో లేదు.

ఇంటర్నెట్ వేగం ఎంత ఉండాలి?

అనుకున్నంత అక్కరలేదు. నెట్‌ఫ్లిక్స్ స్వయంగా సూచించే లెక్క ప్రకారం 720 వరుసల హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 3 మెగాబిట్లు, 1080 వరుసల బొమ్మకు 5 మెగాబిట్లు చాలు. అందుచేత 15 లేదా 20 మెగాబిట్ల కనెక్షన్ ఉన్న ఇంట్లో టీవీ ఒక గదిలో, ఫోన్లు ఇంకో గదిలో ఇబ్బంది లేకుండా నడుస్తాయి. ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్న ఇళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆ ప్రభుత్వ పథకం నెట్‌వర్క్ నిర్వహణ కేంద్రం మన విశాఖలోనే ఉంది. ఫోను, ఇంటర్నెట్, టీవీ చానళ్లు మూడింటినీ ఒకే తీగ మీద ఇంటికి తేవడం ఆ పథకం ఉద్దేశం.

వేగం చాలినా బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే వైఫైని అనుమానించాలి. చవక టీవీలలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఉంటుంది. ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్ట్‌మెంట్లలో పైన, కింద, పక్కన ఉన్న ఇళ్ల రూటర్లన్నీ అదే తరంగాల మీద ఉంటాయి. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు మూడే కనుక రాత్రి ఎనిమిది దాటాక అందరూ టీవీ పెట్టేసరికి ఇరుకు మొదలవుతుంది. టీవీలో 5 గిగాహెర్ట్జ్ సదుపాయం ఉంటే దానికి మారాలి. అయితే ఆ తరంగాలు కాంక్రీటు గోడను దాటడంలో బలహీనం కాబట్టి రూటర్ అదే గదిలో ఉండాలి.

అన్నిటికంటే నమ్మకమైన మార్గం తీగ. టీవీ వెనుక లాన్ పోర్టు ఉంటే రూటర్ నుంచి ఒక కేబుల్ లాగించండి. చవక టీవీలలో ఆ పోర్టు వేగం 100 మెగాబిట్లకే పరిమితమైనా, మనకు కావలసింది అయిదు కాబట్టి లోటేమీ ఉండదు.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో గడుపుకోవచ్చా?

అప్పుడప్పుడు పాటలు చూడటానికి పరవాలేదు. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున చూస్తే గంటకు 2 జీబీకి పైగా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్ ఒక సినిమాలో ఇంటర్వెల్ దాకా కూడా రాదు.

కేబుల్ లేదా డిష్ కనెక్షన్ తీసేయవచ్చా?

వార్తలు, పాత సినిమాలు, సీరియళ్లు చాలావరకు యాప్‌లలో, యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి కాబట్టి తీసేసినవారు ఉన్నారు. కానీ ఇంట్లో పెద్దవారు ఉంటే తొందరపడవద్దు. చానల్ నంబరు నొక్కితే చానల్ రావడం వారికి అలవాటు. యాప్‌ల వరుసలో వెతకడం వారికి శిక్షలా ఉంటుంది. నెలవారీ రుసుము భారం అనిపిస్తే దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. దానికి పరికరం కొనడమే తప్ప నెలనెలా కట్టేది ఏమీ లేదు.

సెట్‌టాప్ బాక్సును టీవీకి కలిపేటప్పుడు పాత మూడు రంగుల తీగను కాకుండా హెచ్‌డీఎంఐ కేబుల్‌ను వాడండి. హెచ్‌డీ చానళ్లకు డబ్బు కడుతూ, ఎరుపు, తెలుపు, పసుపు తీగతో చూస్తున్న ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆ తీగ హెచ్‌డీ బొమ్మను మోయలేదు.

పోర్టులు ఎన్ని ఉండాలి? ఏఆర్‌సీ అంటే ఏమిటి?

హెచ్‌డీఎంఐ పోర్టులు కనీసం రెండు ఉండాలి: ఒకటి సెట్‌టాప్ బాక్సుకు, రెండోది మున్ముందు తగిలించే స్ట్రీమింగ్ స్టిక్‌కు (యాప్‌లను నడిపే చిన్న పరికరం). మూడు ఉంటే మరీ మంచిది. ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టు అదే తీగ మీద టీవీ శబ్దాన్ని వెనక్కి సౌండ్‌బార్‌కు, అంటే విడిగా కొనే పొడవాటి స్పీకరుకు, పంపుతుంది. అది లేనప్పుడు ఆప్టికల్ పోర్టు గానీ బ్లూటూత్ గానీ ఉన్నదేమో చూడండి. గోడకు బిగించే ఉద్దేశం ఉంటే పోర్టులు పక్కకు తెరుచుకుంటున్నాయా, నేరుగా వెనక్కు తెరుచుకుంటున్నాయా అన్నది కూడా గమనించాలి. వెనక్కి ఉన్న పోర్టులలో కేబుల్ పెట్టడానికి ప్రతిసారీ టీవీని దించవలసి వస్తుంది.

నా ఫోన్ తెర టీవీ మీద కనిపించడం లేదు. ఎందుకు?

ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు మిరాకాస్ట్ లేదా గూగుల్ కాస్ట్ పద్ధతిలో తెరను పంపుతాయి. ఐఫోన్ మిరాకాస్ట్‌ను వాడదు. దాని తెర కనిపించాలంటే టీవీలో ఆపిల్ వారి ఎయిర్‌ప్లే ఉండాలి. గూగుల్ కాస్ట్‌కూ ఎయిర్‌ప్లేకూ ఫోనూ టీవీ ఒకే వైఫైకి కలిసి ఉండటం అవసరం. ఫోన్ మొబైల్ డేటాలో, టీవీ ఇంటి వైఫైలో ఉండటమే సగం ఫిర్యాదులకు మూలం.

శబ్దం సన్నగా ఉంది. మాటలు అర్థం కావడం లేదు.

పలుచటి టీవీలో స్పీకర్లు కిందికో వెనక్కో చూస్తుంటాయి. 20 వాట్లు అని రాసినా శబ్దం మొదట గోడకు తగిలి తరువాత మన చెవికి చేరుతుంది. శబ్దం సెట్టింగులలో స్పీచ్ లేదా న్యూస్ అన్న ఎంపికకు మార్చితే సంభాషణలు కొంత తేటపడతాయి. అంతకుమించి కావాలంటే చిన్న సౌండ్‌బార్ కొనడమే మార్గం.

సముద్రానికి దగ్గరగా ఉంటాం. ఉప్పుగాలికి టీవీ పాడవుతుందా?

పాడవుతుంది, కాకపోతే నెమ్మదిగా. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ, భీమిలి వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్లులు ఎంత త్వరగా తుప్పు పడతాయో అందరికీ తెలుసు. గాలిలోని ఉప్పు రేణువులు టీవీ వెనుక ఉన్న గాలి రంధ్రాల గుండా లోపలికి చేరి సర్క్యూట్ బోర్డు మీద పలుచగా పేరుకుంటాయి. ఉప్పు తేమను పీల్చుకుంటుంది, తడిసిన ఉప్పు కరెంటును ప్రసరింపజేస్తుంది. దానితో బోర్డు మీద పక్కపక్కనే ఉన్న చిప్పుల కాళ్ల (పిన్నుల) మధ్య సన్నని లీకేజీ, ఆ తరువాత రాగి మీద పచ్చటి తుప్పు మొదలవుతాయి. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను కదిపితే బొమ్మ రావడం, పోవడం దీనికి తొలి గుర్తు కావచ్చు.

తూర్పు కిటికీకి గానీ బాల్కనీ తలుపుకు గానీ ఎదురుగా టీవీని పెట్టకండి. వాన కొట్టే బయటి గోడకు లోపలి వైపున చెమ్మ దిగుతుంది కాబట్టి దానికీ బిగించవద్దు. టీవీకీ గోడకూ మధ్య గాలి ఆడేంత సందు వదలాలి. రోజూ కాసేపు నడిచే టీవీ తన వేడికి తానే ఆరుతుంది. నెలల తరబడి తాళం వేసిన ఫ్లాటులోని టీవీయే త్వరగా చెడుతుంది. గుడ్డ కప్పే అలవాటు ఉంటే, టీవీ ఆపి చల్లబడ్డాక మాత్రమే కప్పండి. ఏసీ గదిలో చల్లబడి ఉన్న టీవీ మీదికి ఒక్కసారిగా కిటికీలు తెరిచి బయటి ఉక్క గాలిని వదిలితే దాని మీద నీటి చెమర్పు ఏర్పడుతుంది. అలా జరిగితే కాసేపు ఆగి ఆన్ చేయడం మేలు.

ఓడరేవుకు దగ్గరలో ఉన్న వన్‌టౌన్ ఇళ్లలో ఉప్పుతో పాటు నల్లటి ధూళి కూడా ఉంటుంది. తెరను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవాలి. అద్దాలు తుడిచే ద్రావణాన్ని వాడకూడదు, తెర మీద నేరుగా ఏదీ చల్లకూడదు. కిందికి జారిన చుక్క తెర అంచులోకి దిగితే ఆ ప్యానెల్‌కు మరమ్మతు ఉండదు, వారంటీ కూడా వర్తించదు.

స్టెబిలైజర్ కావాలా? పిడుగులు, తుఫాన్ల సమయంలో ఏం చేయాలి?

టీవీ వెనుక లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే తక్కువ వోల్టేజీ గురించి బెంగ లేదు. ప్రమాదం ఉన్నది ఒక్కసారిగా పెరిగే వోల్టేజీతోనే. కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణం అందుకు పేరుపొందింది. మంచి సర్జ్ ప్రొటెక్టర్, ఇంటికి సరైన ఎర్తింగ్ ఉంటే చాలా వరకు రక్షణ దొరుకుతుంది. వోల్టేజీ తరచూ ఎక్కువగా ఉండే ప్రాంతమైతే స్టెబిలైజర్ పెట్టుకోండి.

వేసవి చివర ఉరుములతో వాన వచ్చినప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పూర్తిగా తీయాలి. డిష్ తీగ, కేబుల్ తీగ, రాగి లాన్ తీగ కూడా తీసేయాలి. డాబా మీద డిష్ ఉన్న ఇళ్లలో పిడుగు దెబ్బ కరెంటు తీగ నుంచి కాక ఆ తీగ నుంచే లోపలికి వచ్చే అవకాశం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నది. అటువంటి వేళ కరెంటూ ఇంటర్నెట్టూ రెండూ కావలసిన టీవీ ఎందుకూ పనికిరాదు. హెచ్చరికలు వినడానికి బ్యాటరీ రేడియోను ఇంట్లో ఉంచుకోవడం నేటికీ అవసరమే.

నెలకు కరెంటు ఖర్చు ఎంత?

32 అంగుళాల టీవీ సాధారణంగా 50 వాట్లకు మించదు. రోజుకు అయిదు గంటల చొప్పున నెలకు ఏడున్నర యూనిట్లు అవుతాయి. 2022–23 టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల స్లాబుకు యూనిట్ ధర 6 రూపాయలు. ఆ లెక్కన నెలకు 45 రూపాయలు, సర్దుబాటు చార్జీలు అదనం. తెర వెలుగును కొంత తగ్గిస్తే ఖర్చు తగ్గడమే కాక, వెనుక దీపాల ఆయుష్షు కూడా పెరుగుతుంది.

టీవీ మనం చూసేదాన్ని గమనిస్తుందా?

గమనించే సదుపాయం చాలా స్మార్ట్ టీవీలలో ఉంది. తెర మీది బొమ్మల నుంచి నమూనాలు తీసి, ఏ కార్యక్రమం నడుస్తున్నదో గుర్తించి, ఆ సమాచారాన్ని ప్రకటనలకు వాడతారు. సెట్‌టాప్ బాక్సు ద్వారా చూసేది కూడా ఇందులోకి రావచ్చు. మొదటిసారి టీవీ పెట్టేటప్పుడు వచ్చే నిబంధనలన్నిటికీ ఒకే బటన్‌తో ఒప్పుకోకుండా, చూసే సమాచారం, ఆసక్తుల ఆధారిత ప్రకటనలు అన్న వాటిని విడిగా తిరస్కరించండి. ఇన్‌స్టలేషన్‌కు వచ్చిన అబ్బాయి తొందరలో అన్నిటికీ సరే నొక్కి వెళ్లిపోతాడు. ఆ తరువాత కూడా సెట్టింగులలోని ప్రైవసీ విభాగంలోకి వెళ్లి మార్చుకోవచ్చు.

టీవీ ఇంటికి వచ్చిన రోజు ఏమేమి చూసుకోవాలి?

డబ్బాను కంపెనీ మనిషి సమక్షంలోనే తెరిపించండి. వెనుక లేబుల్ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు ఉండాలి, అక్కడి సీరియల్ నంబరు బిల్లులోని దానితో సరిపోలాలి. తెల్లటి బొమ్మ, నల్లటి బొమ్మ ఒక్కొక్కటి నిండు తెర మీద పెట్టి చచ్చిన చుక్కలు, మూలల నుంచి వెలుగు కారడం ఉన్నాయేమో చూడాలి. ప్రతి పోర్టునూ ఒకసారి వాడి చూడండి. వారంటీ సాధారణంగా ఏడాదే. పగుళ్లు, నీరు, లోపలికి దూరిన పురుగుల వల్ల వచ్చే నష్టం అందులోకి రాదు. విశాఖలో సర్వీస్ సెంటర్ ఉన్నదా, లేక టీవీని వేరే ఊరికి పంపాలా అన్నది కొనకముందే అడగవలసిన ప్రశ్న. కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు.

కొన్నేళ్లకు యాప్‌లు పనిచేయడం మానేశాయి. టీవీ మార్చాలా?

ముందుగా టీవీలో తేదీ, సమయం సరిచూడండి. అవి తప్పుగా ఉంటే భద్రతా ధ్రువపత్రాలు చెల్లక యాప్‌లు ఇంటర్నెట్ లేదని చెబుతాయి. అది కాకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడి కొత్త యాప్‌లు ఎక్కడం లేదని అర్థం. తెర బాగున్నంత వరకు టీవీని మార్చవద్దు. ఖాళీగా ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులో ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెడితే కొత్త టీవీ ధరలో కొద్ది భాగంతోనే పని జరుగుతుంది. స్టిక్‌కు విద్యుత్తును టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి కాక దానితో ఇచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వాలి, లేకపోతే అది మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంటుంది.

తెరే పోయిన టీవీని పాత ఇనుప సామానుతో కలిపి అమ్మకండి. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత పరికరాల రీసైక్లింగ్‌కు తయారీదారులు బాధ్యత వహించాలి కాబట్టి, కొత్తది కొనేటప్పుడు ఎక్స్ఛేంజ్ కింద తీసుకుంటారేమో అడగండి. ఎవరికి ఇచ్చినా సరే, అది ఇంకా ఆన్ అవుతుంటే ముందు అన్ని ఖాతాల నుంచి బయటికి వచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆన్ కాకపోతే ఫోన్‌లో మీ గూగుల్, నెట్‌ఫ్లిక్స్ ఖాతాల సెట్టింగులు తెరిచి, పరికరాల జాబితా నుంచి ఆ టీవీని తొలగించండి.